మేకపిల్లకు పాలు తాపిన కథ

బడిలో మూడో జమాతులో నేను మూడేళ్లు కూర్చున్నాను. నాలుగో ఏడు, నన్ను పిల్లల్లో లెక్కెయ్యాలో గదిలోని సామానులో లెక్కెయ్యాలో తెలియక పంతులు ఇంటికి పంపేశాడు. ఈ మాట చెప్పి ఎంతమందిని నవ్వించానో. నవ్వించకుండా చెప్పవలసింది ఒకటుంది. పన్నెండేళ్లుగా మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకూ తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

అప్పటికి నిజాం రాజ్యం పోయి ఐదారేళ్లయింది. వికారాబాద్ స్టేషను దగ్గర టాంగా తోలేవాణ్ణి. మా పక్కింట్లో సాయవ్వ, ఆమె కూతురి బిడ్డ చంద్రమ్మ ఉండేవాళ్లు. పిల్లకు ఆరేళ్లు. తల్లీ తండ్రీ ఒకే ఏడాది గత్తరతో, అదే కలరాతో, పోయారు. తండ్రి వాటా కింద తాండూరు దగ్గర ఆ పిల్లకు రెండెకరాల చెలక ఉంది. దాని కింద నాపరాయి ఉందని తేలేదాకా పెదనాన్న పిల్ల ఊసే ఎత్తలేదు. తేలాక, గార్డియన్‌గా తననే పెట్టాలని కోర్టుకెక్కాడు.

ఒక సాయంత్రం గోడ మీదుగా చూశాను. చంద్రమ్మ మేకపిల్లకు గొంగడి చుట్టి అవ్వ ఒళ్లో పెట్టింది. అవ్వ దానికి గిన్నెతో పాలు తాపుతూ, తాగు చంద్రమ్మా, బలమొస్తది అంటోంది. పిల్ల పొట్ట పట్టుకుని నవ్వుతోంది. వాళ్లిద్దరి ఆట అది. టాంగా ఎక్కినవాళ్లకు ఆ కథ చెప్పేటప్పుడు నేను పక్కన నవ్వే పిల్లను తీసేశాను. అవ్వ చూపు లేక మేకపిల్లనే మనవరాలనుకుందన్నాను. పిల్ల ఉంటే కథకు నవ్వు రాదు కదా. వారం తిరిగేసరికి ఊరంతా పాకింది. పెదనాన్న వకీలు చెవినా పడింది. సాక్ష్యానికి రమ్మని నాకు సమను వచ్చింది.

"మేకపిల్లను వట్టుకొని మన్మరాలనుకున్నది నువ్వు కండ్లార సూసినవా?" అని కోర్టులో ఆ వకీలు అడిగాడు.

కాదనొచ్చు. కాదంటే ఊరి ముందు అబద్ధాలకోరునవుతాను. ఆ భయమేనా? లేక వెనక బెంచీల మీదివాళ్లు అప్పటికే నవ్వడానికి నోళ్లు సర్దుకుంటున్నారనా? ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. రెండోదేనని నా అనుమానం.

"సూసిన సాబ్. జడ గూడ ఏద్దామనుకున్నది. మేకకు ఎంటికలు సాలలే."

గది గొల్లుమంది. జడ్జి సాబ్ నవ్వలేదు. రాసుకున్నాడు. పిల్ల మేలే అన్నిటికన్నా ముఖ్యమని, చూపు ఆనని ముసలామె దగ్గర ఉంచడం కుదరదని, పెదనాన్నకు అప్పగించాడు. చట్టం పిల్ల మేలే కోరింది. మేలేదో చెప్పడానికి నన్ను పిలిచారు.

ఆ తర్వాత సాయవ్వ పిల్లను చూడ్డానికి ప్రతి అమావాస్యకూ తాండూరు రైలుకు నా టాంగాలోనే పోయేది. అక్కడ పెదనాన్న వాళ్లు వాకిట్లోనే నిలబెట్టి పంపేసేవారట. నన్ను ఒక్క మాట అనలేదు. స్టేషను దాకా గుర్రంతోనే మాట్లాడుతూ తోలేవాణ్ణి. మూడో ఏడు ఆమె చనిపోయింది. చంద్రమ్మ బడి ముఖం చూడలేదు. తన చెలకలోనే, పెదనాన్న తవ్వించిన గనిలో, రాతిచెక్కలు మోస్తూ పెరిగింది.

పోయిన నెల తాండూరు వెళ్లి ఆమెను వెతికి పట్టుకున్నాను. గని గట్టున నిలబడి అంతా చెప్పాను. ఒక్క హాస్యం ఆడలేదు. ఆమె నెత్తిమీది తట్ట దించకుండానే విన్నది. చెప్పడం అయ్యాక నా ఒళ్లు కొంచెం తేలికపడింది, అలా తేలికపడినందుకు సిగ్గూ వేసింది.

ఆమె తట్ట సర్దుకుంది.

"నాకెందుకు జెప్తున్నవ్ మామా? మేకపిల్లను అవ్వ ఒళ్లె వెట్టింది నేనే గద, నాకెరికే. గా కథ ఇని నవ్వినోళ్లున్నరు సూడు. పోయి ఆళ్లకు జెప్పు."