పేరు రాసే గడి

గుంతకల్లు శివార్లలోని నూలు మిల్లులో పుల్లన్న పదేళ్లుగా బ్యాటరీల గది చూసుకునేవాడు. సరుకు మోసే ట్రాలీల బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టడం అతని పని. వాటిలో డబ్బాల్లో వచ్చే డిస్టిల్డ్ నీళ్లు పోయడం తిరుపాలమ్మ పని.

"ఊర్లో మనకు తాగేకి నీళ్లు లేవు. ఈ బ్యాటరీ ఎనుములకు మాత్రం డబ్బా నీళ్లే కావల్ల," అనేదామె, ఒక్కో మూత తీసి లోపలికి వంగి చూస్తూ.

2008లో కొత్త ఛార్జర్లు వచ్చాయి. ఆఫీసులో కూర్చునే చూసుకోవచ్చని వాటిని కేబుల్‌తో కంప్యూటర్లకు, అక్కడి నుంచి ఇంటర్నెట్‌కు కలిపారు. తెర మీద ఒక గడిలో బ్యాటరీ పేరు కొట్టాలి. ఒకనాడు పుల్లన్న, ఛార్జర్లు బిగించిన మనిషి చీటీ మీద రాసిపెట్టిన, ఛార్జర్‌ను ఆపే ఆజ్ఞను పొరపాటున ఆ గడిలో కొట్టేశాడు. ఛార్జర్ టక్కున ఆగిపోయింది. మళ్లీ కొట్టి చూశాడు. మళ్లీ ఆగింది. పేరు రాసే చోట ఎవరు ఏ ఆజ్ఞ రాసినా, పాస్‌వర్డ్ అడక్కుండానే యంత్రం చేసిపెడుతోంది.

ఇంజనీరు భరత్‌కుమార్ దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, యాడో కూర్చున్నోడు గూడా దీన్ని ఆడించొచ్చు. బ్యాటరీ నిండినాక కరెంటు ఆగకుండా చేసినా చేస్తాడు."

"ఏమప్పా పుల్లన్నా, ఇంట్లో పెండ్లాము ఇనకపోయినా మిషన్ ఇంటాందా నీ మాట?" భరత్‌కుమార్ పెద్దగా నవ్వాడు. "తనిఖీకి వస్తాండారు. రిజిస్టర్లో అంతా బాగుండాదని రాయి. ఛార్జర్ల కంపెనీకి నేను చెప్తాలే."

పుల్లన్న అలాగే రాశాడు.

మూడు వారాలకు ఎవరో, ఎక్కడి నుంచో, ఆ గడిలోంచే లోపలికి దూరారు. నిండిన బ్యాటరీలకు కరెంటు ఆగలేదు. అవి సలసల ఉడికి గదంతా మండే గ్యాసు కమ్మింది. పుల్లన్న ఆఫీసుకు వెళ్లిన వేళ తిరుపాలమ్మ ఎప్పటిలాగే వెళ్లి ఒక మూత తీసింది. ఎక్కడో నిప్పురవ్వ లేచింది. బ్యాటరీ పేలి యాసిడ్ ఆమె కళ్లలో పడింది.

ఇక చూపు రాదని డాక్టర్లు తేల్చేశారు. మంచం పక్కన నిలబడి పుల్లన్న, కడుపులో దాచుకోలేక, జరిగిందంతా చెప్పాడు.

"సారుకు చెప్పినావా అన్నా?" అంది తిరుపాలమ్మ, కళ్లకు కట్టుతో.

"చెప్పినా మా. ఆ పొద్దే చెప్పినా."

"మూత తీసేదాన్ని నేను గదా. నాకెందుకు చెప్పలేదు?"

పుల్లన్న కారణం వెతుక్కున్నాడు. ఆ మూడు వారాలూ ఇద్దరూ రోజూ ఎదురెదురుగా కూర్చుని సద్ది విప్పుకున్నారు. భయపడి చెప్పకపోవడం కాదు, మరిచిపోవడమూ కాదు. ఆమెకు చెప్పాలనే అతనికి తోచలేదు.

ఏడుస్తూ ఆమె చేయి పట్టుకోబోయాడు. తిరుపాలమ్మ తడుముకుని దుప్పటి అంచు వెతికి, చేతిని లోపలికి లాక్కుంది.