వడ్ల కొట్టులో వినే గది

నిన్న చిట్టమూరు వైపు నుంచి నలుగురు ఆడవాళ్లు నాట్ల పాటలు పాడడానికి మా ఇంటికి వచ్చారు. పాడడం అయ్యాక, తాము పాడింది వినడానికి పక్క గదిలోకి వచ్చి కూర్చున్నారు. వాళ్లలో పెద్దామె గోడకు వీపు ఆనించబోయి, అందక అందక వెనక్కి వాలిపోయి, ఉలిక్కిపడి లేచింది. "ఏందక్కా, ఈ గోడ పడిపోతుండాదా?" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఆ గదిలోకి కొత్తగా వచ్చిన వాళ్లందరూ ఆ మాటే అడుగుతారు. వాళ్లకు చెప్పి చెప్పి నలిగిన సంగతే ఇప్పుడు మీకూ చెబుతున్నాను. నాకు సంతకం ఒక్కటే వచ్చు. నేను చెబుతుంటే మా కూతురు రాస్తోంది, రాస్తూ ముసిముసిగా నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

మాది తోటపల్లి గూడూరు దాటాక సముద్రం వైపున్న ఊరు. సగం వరి, సగం రొయ్యల గుంటలు. ఈ గది అప్పట్లో మా వడ్ల కొట్టు. మా ఆయన ఉన్నన్నాళ్లూ కప్పు దాకా బస్తాలుండేవి. తలుపు తీస్తే చాలు, మొలగొలుకుల వడ్ల వాసన మొహానికి కొట్టేది. ఆ బస్తాల మధ్య నేను పిల్లిలాగా తిరిగేదాన్ని. గోడకు మూరెడు ఎడం ఉండాలి, మూలల్లో ఏమీ పెట్టకూడదు, పెడితే చెమ్మ పడుతుంది, ఎలుక కాపురం పెడుతుంది. మా అత్త నాకు నేర్పిన మొదటి పాఠం అది. చదువు లేకపోయినా ఆ పాఠం మాత్రం నేను మరిచిపోలేదు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి, వడ్లు పొలంలోంచే మిల్లుకు పోవడం మొదలైంది. ఆరేళ్ల కిందట మా ఆయనా పోయాడు. కొట్టు ఖాళీ పడింది.

కొట్టులో సగం వాటా మా మరిదిది. దాన్ని రొయ్యల మేత వ్యాపారికి గోడౌనుగా ఇచ్చేద్దామని ఆయన అన్నాడు. నేను సరేననబోతుండగా మద్రాసు నుంచి మా కూతురు దిగింది. అది అక్కడ ఒక పాటల స్టూడియోలో నాలుగేళ్లు పని చేసింది. ఇక ఒకరి కింద చేయను, మన కొట్టులోనే స్టూడియో కడతాను అంది. పాడేవాళ్లకు ఒక గది, దాన్ని వింటూ సరిచేసేవాళ్లకు ఒక గది, మధ్యలో అద్దం. ఆ వినే గదినే కంట్రోల్ రూమ్ అంటారట. మా మరిది చెడ్డవాడు కాదు గాని, నోరు ఊరుకోదు. రొయ్యలకు పాటలు వినిపిస్తే బరువు పెరుగుతాయా అని అడిగాడు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. వచ్చే మేత లోడు దిగేలోపల గది పనికొస్తే పిల్లది, లేకపోతే మేత బస్తాలది. మా కూతురు తలూపింది. దానికి ఇంకెక్కడా చోటు లేదని నాకు తెలుసు. మళ్లీ మద్రాసు బండెక్కాల్సిందే.

ఊళ్లో పని చేసే వడ్రంగులు తలుపులు, మంచాలు తప్ప ఇంకోటి ఎరగరు. అందుకని అది రేవు దగ్గర పడవలు కట్టే ఆయన్ను పిలుచుకొచ్చింది. ఫైబరు పడవలు వచ్చాక పాపం ఆయనకు పని తగ్గిపోయింది. గుంటల్లో నీళ్లు చిలికే మిషన్ల రొద లోపలికి రాకూడదు అని చెబితే, నీళ్లే రానివ్వను, రొదను రానిస్తానా అన్నాడు. పలకల సందుల్లో పడవకు కూరినట్టే పీచు కూరి బిగించాడు. మొదటి రోజు తలుపు వేసుకుని కూర్చుంటే రొద రాలేదు, గాలీ రాలేదు. ముగ్గురం చెమటతో తడిసి బయటపడ్డాం. తర్వాత గాలికి ఒక వంకర గొట్టం పెట్టాడు. అసలు వింత గోడల దగ్గర జరిగింది. జన్మంతా పడవలే కట్టిన చెయ్యి కదా, పలకలను నిటారుగా నిలబెట్టలేకపోయింది. పక్క గోడలు రెండూ పైకి పోయేకొద్దీ బయటికి వాలాయి. మా మరిది చూసి, తెరచాప ఒకటే తక్కువ అన్నాడు. మా కూతురు మాత్రం చప్పట్లు కొట్టి చూసి ఎగిరి గంతేసింది. గోడలు ఎదురెదురుగా నిటారుగా ఉంటే శబ్దం వాటి మధ్య బంతిలాగా కొట్టుకుంటుందట. వాలుంటే సద్దుమణుగుతుందట.

ఇక మిగిలింది గదిని పరీక్ష చేయడం. దానికి, చెవికి అనుమానం లేకుండా తెలిసిన శబ్దం ఒకటి కావాలంది. నన్ను పొలం గట్టు మీదికి తీసుకుపోయి, మైకు పట్టుకుని, నాన్నను పిలిచేదానివే, అట్టా పిలువు అంది. నా గొంతు చిన్నప్పటి నుంచీ గరుకు. నాలుగు మడుల అవతలికి కేకలేసి ఇంకా మొరటయింది. సిగ్గుపడుతూనే పిలిచాను. "ఏమయ్యో... అన్నం తిందువు రా!" గట్టు మీది కొంగలు లేచిపోయాయి.

మర్నాడు పొద్దున అది స్నానానికి పోయింది. నేను ఊరుకోలేక గది ఊడ్చాను. మూలల్లో కట్టిన గుడ్డ తెరల వెనక చూద్దును కదా, నిలువెత్తు దూది చుట్టలు! పాత పరుపుల దూది ఏకించి అదే చుట్టి పెట్టిందిలెండి, నాకు తెలియదు. మిగిలిపోయిన దూదిని మూలలకు తోసేసిందనుకున్నాను. నాలుగు చుట్టలూ మోసుకుపోయి మిద్దె మీద ఎండేసి, తెరలు మళ్లీ ముచ్చటగా సర్దేశాను.

అందరం కూర్చున్నాం. నా కేక స్పీకర్లలోంచి వచ్చింది. అబ్బ, ఏం గొంతనుకున్నారు! నిండుగా, గంభీరంగా, రేడియోలో పెద్దామె మాట్లాడినట్టు. మా మరిది నోరు తెరిచాడు. "వదినా, నీ గొంతులో ఇంత బెల్లం ఉండాదని మా అన్న ఒక్కనాడు కూడా చెప్పలేదే" అన్నాడు. నేను కొంగు సర్దుకుని, మళ్లీ ఒకసారి వేయమన్నాను. మా కూతురి మొహం మాత్రం వాడిపోయింది. "ఈ గది అబద్ధం చెప్తుండాదమ్మా" అంది. మంచి అబద్ధమే కదా అన్నాను. అప్పుడు నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. నాలుకకు ఉప్పు ఎక్కువ తెలిస్తే కూరలో తగ్గించేస్తాం, తినేవాళ్లకు చప్పగా ఉంటుంది. ఈ గదిలో విని సరిచేసిన పాట బయట వినేవాళ్లకు అలాగే చప్పబడుతుంది. ఇట్లాంటి గదికి ఎవరూ రారు.

మా మరిది మెల్లగా, మేత లారీ ఎల్లుండి వస్తుందన్నాడు. ఆ పగలంతా అది గోడలు తట్టింది, స్పీకర్లు జరిపింది, కొలతలు తీసింది. చివరికి తప్పు గోడల వాలులోనే ఉన్నట్టుందని, ఒక పక్క పలకలు విప్పమంది. పడవలాయన మొహం మాడ్చుకున్నాడు. "నీళ్ల మీద నిలబడిన వంపు పాపా ఇది, నేల మీద తప్పయిందా?" అన్నాడు. అయినా గడ్డపార తెచ్చి పలక సందున పెట్టాడు. సరిగ్గా అప్పుడే నేను, పొద్దువాలింది కదా అని, ఎండిన చుట్టలు నెత్తిన పెట్టుకుని తలుపులో నిలబడ్డాను.

"అవి యాడివమ్మా?" అంది మా కూతురు.

"మూలల్లోవే. ముక్కిపోతాయని ఎండబెట్టినా."

అది తెరలు ఎత్తి నాలుగు మూలలూ చూసింది. తర్వాత నేల మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. శబ్దంలోని బరువంతా పోయి మూలల్లోనే పేరుకుంటుందట. దాన్ని మింగడానికే ఆ దూది. పడవలాయన గడ్డపార కింద పెట్టి, ఆ గోడను ఒకసారి నిమిరాడు. ఎలుకలు లేని కొట్టును తయారు చేయడంలో నన్ను మించినవాళ్లు లేరని అన్నాడు.

చుట్టలు మళ్లీ పెట్టాం. మా మరిదిని పిలిచాం. ఆయన భుజాన తువ్వాలుతో వచ్చి, గోడవైపు చూస్తూ కూర్చున్నాడు. మా కూతురు నా కేక వేసింది. ఈసారి బెల్లం లేదు. ఎండిన తాటాకు గీసినట్టు గరగరా, చివర ఊపిరందక తెగిపోతూ, వెనక కొంగల రెక్కల చప్పుడుతో సహా. ఇదా నా గొంతు అని నేను చిన్నబోయేలోపల మా మరిది లేచి నిలబడ్డాడు. భుజం మీది తువ్వాలు తీసి, బురద దులుపుకునేట్టు రెండు కాళ్లూ విదిలించి తలుపు వైపు తిరిగాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే మడిలో పని చేసేవాళ్లు, నా కేక వినబడితే ఇద్దరూ కలిసే గట్టెక్కేవాళ్లు. రెండడుగులు వేశాక ఎక్కడున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. మా వైపు తిరగలేదు. బయటికి పోయి ఫోను తీసి, లారీని కొడవలూరు గోడౌనుకు మళ్లించమని చెప్పడం మాకు వినిపించింది.

ఆ గోడలు ఎందుకు వాలాయని అడిగిన వాళ్లకు ఇదంతా చెబుతాను. ఒక్క సంగతి మాత్రం వాళ్లకు చెప్పను, మీకు చెబుతాను. మా ఆయన పోయాక ఆ పిలుపుతో నాకు పనిలేకుండా పోయిందనుకున్నాను. ఆరేళ్ల తర్వాత కూడా దానికి ఒక మనిషి గట్టెక్కి వస్తాడని ఆ రోజు చూశాను. కాలం మనుషులను ఒక్కొక్కరినే తీసుకుపోతుంది గాని, ఇంకా అన్నం వేళను తీసుకుపోయినట్టు లేదు.