పూరింగ్ అవ్వ తమ్ముడు

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరపు ఆసుపత్రి వరండాలో పూరింగ్ అవ్వ, డాక్టరమ్మకని తెచ్చిన పుట్టు అనే బియ్యప్పిండి ఆవిరి కేకుల పొట్లం ఒళ్లో పెట్టుకుని, పదహారేళ్ల మనవరాలు మారిట్‌కి విసనకర్రతో విసురుతూ కూర్చుంటుంది. ఎన్ని మందులు మార్చినా పిల్లకి దిగులు తగ్గలేదు, చచ్చిపోతానన్న మాట పోలేదు. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా ఉండేవారా అని డాక్టరమ్మ అడిగినప్పుడల్లా అవ్వ తల అడ్డంగా ఊపేది. పీడకల మనిషి ప్రాణం తీస్తుందని అక్కడివాళ్ల నమ్మకం; అవ్వ తమ్ముడు దోరో కూడా నిద్రలో అలాగే పోయాడనే ఊరంతా నమ్మింది మరి.

ఇవాళ డాక్టరమ్మ గదిలో పరీక్షకి రక్తం ఇస్తూ మారిట్, "మనింట్లో నేనొక్కదాన్నే చెడబుట్టాను అవ్వా" అంది. విసనకర్ర ఆగిపోయింది.

"చెడబుట్టడమేంటే పిచ్చిమొహమా! మా దోరోదీ ఈ దిగులే. వాడు ప్రాణం తీసుకున్నాడు. సిగ్గుపడి దాచాం."

"మంచి మాట చెప్పారు. ఇక వైద్యం ఎటు నడపాలో ఆలోచిస్తాను. వంశంలో ఉన్నంత మాత్రాన అలాగే జరగాలని లేదమ్మా" అంది డాక్టరమ్మ.

మారిట్ ఎన్నాళ్లుగానో మానేసిన పని చేసింది. పెద్దల దీవెన అడిగే తమ పద్ధతిలో అవ్వ చెయ్యందుకుని నుదుటికి ఆనించుకుంది.

"పిల్లకి అండగా వచ్చావురా తమ్ముడూ" అని గొణుక్కుంటూ అవ్వ మళ్లీ విసరసాగింది.