కండువా కింద పులి

మొన్న ఆదివారం అంకులిలో ఉంటున్న మా చిన్నత్తను చూడటానికి వెళ్ళాను. కాఫీ తాగుతుంటే ఆవిడ మనవడు ఫోను నా ముందు పెట్టి, వాళ్ళ తాతయ్య పులిగా వేసిన సినిమా ఇదేనా చూడమన్నాడు. వాన పడుతున్నట్టు గీతలు గీతలుగా ఉన్న ఆ బొమ్మలో చెట్లూ, పొగా, చిరుతపులి చర్మం చుట్టుకున్న ఒక అడవిపిల్లా కనబడేసరికి నా కాఫీ చల్లారిపోయింది.

వీడియో క్యాసెట్ల కాలం చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, సినిమాహాలు గడప తొక్కకుండానే క్యాసెట్టుగా పుట్టి క్యాసెట్టుగానే పోయిన ఇలాంటి అడవి సినిమాలు అప్పట్లో బోలెడు. అన్నిటికీ కథ ఒకటే. విమానం కూలాలి, ఒక పిల్ల అడవిలో పెరగాలి, నిధి కోసం దొంగలు దిగాలి, ఎవరి ప్రాణం ఎటు పోతున్నా ఆ పిల్ల మధ్యలో జలపాతం కింద తీరిగ్గా స్నానం చెయ్యాలి.

మా చిన్నమామయ్య, అంటే అమ్మకు ఆఖరి తమ్ముడు, బరంపురంలో ఒక పట్టుచీరల కొట్లో చీరలు విప్పి చూపించే ఉద్యోగం చేసేవాడు గానీ ఆయన ప్రాణమంతా పులివేషంలోనే ఉండేది. రెండేళ్ళకోసారి ఊళ్ళో అమ్మవారి జాతర, అదే ఠాకురాణి యాత్ర, వచ్చిందంటే, అమ్మమ్మ మొక్కు ప్రకారం ఒంటినిండా పసుపురంగూ నల్లచారలూ వేయించుకుని, తోక కట్టుకుని, డప్పులతో వీధులన్నీ ఆడేవాడు. డప్పు మోగగానే నేలను తాకి కళ్ళకద్దుకుని, అమ్మవారికి దండం పెట్టి, అప్పుడు గానీ తోక ఎత్తేవాడు కాదు. ఆ అలవాటు ఎంతగా ముదిరిందంటే, పెళ్ళిబాజా వినిపించినా ఆయన చెయ్యి నేలవైపు వెళ్ళేది.

ఆ యాత్రలో ఆయన్ని చూసిన ఒక మదరాసు సినిమా కంపెనీవాళ్ళు మహేంద్రగిరి వైపు కొండల్లో తీస్తున్న తమ సినిమాకి పులిగా రమ్మన్నారు. వాళ్ళకి నిజం పులిని తెచ్చే తాహతు లేదు. ఇంట్లో చెబితే వద్దంటారని మామయ్య చెప్పకుండా చెక్కేసి, అమ్మమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక, నెల రోజులకి బొచ్చుతోలు ఒరిపిడికి ఒళ్ళంతా దద్దుర్లతో తిరిగొచ్చాడు. సినిమాలో వేశానంటే ఒక్కరూ నమ్మలేదు.

నమ్మకపోతే పోయారు గానీ, ఆ మరుసటేడు పురుషోత్తంపూర్ నుంచి వచ్చిన మంచి సంబంధం దానివల్లే చెడేలా ఉంది. అబ్బాయి నెలరోజులు ఇల్లొదిలి ఎటో పోయాడని వాళ్ళ చెవిన పడింది. ఫొటోలోనే ఆ అమ్మాయిని చూసి మనసిచ్చేసిన మామయ్య అన్నం మానేశాడు. అన్నం విషయంలో ఆయన సంగతి తెలిసినవాళ్ళం గనుక మాకు నిజంగానే బెంగ పుట్టింది. సరిగ్గా అప్పుడే ఆ సినిమా క్యాసెట్టు ఊళ్ళోకి వచ్చిందని తెలిసి, మా తాతయ్య పెళ్ళివారికి కబురుపెట్టాడు, వచ్చి కళ్ళారా చూసుకోమని.

నేనప్పుడు ఖల్లికోటలో కొత్తగా టీచరుగా చేరాను. శనివారం బండిలో ఇంటికొస్తే క్యాసెట్టు తెచ్చే పని నాకే పడింది. ఇంటిల్లిపాదీ చూడొచ్చా అని అడిగితే వీడియో కొట్టతను తల అడ్డంగా ఊపాడో నిలువుగా ఊపాడో తెలియకుండా ఊపి, క్యాసెట్టు చేతిలో పెట్టాడు.

సాయంత్రం అమ్మాయి తండ్రీ, నాయనమ్మా ముందు కుర్చీల్లో, వీధిలో సగం మంది వెనకాల. విమానం కూలింది, పిల్ల పెరిగింది, దొంగలు దిగారు, పులి మాత్రం రాలేదు. ఇంతలో జలపాతం వచ్చింది. ఆ పిల్ల చర్మం ముడి మీద చెయ్యి వేసీ వెయ్యగానే తాతయ్య ఒక్క ఉదుటున లేచి భుజం మీది కండువా టీవీ మీద కప్పేశాడు. నీళ్ళ చప్పుడు వినబడుతోంది. దాని వెనకే డప్పు, ఆ వెనకే పెద్ద గాండ్రింపు. మామయ్య లేచి నిలబడి కండువా వైపు వేలు చూపించి, అది నేనే, అది నేనే అని గోల. కాబోయే మామగారు మొహం చిట్లించుకుని చెప్పుల కోసం చూస్తున్నారు.

అప్పుడు అమ్మాయి నాయనమ్మ నెమ్మదిగా అంది: "ఆ గుడ్డ తీసి ఎనక్కి తిప్పండి నాయినా. కుర్రోడిని సూద్దామనొచ్చాం గానీ కండువాని సూడ్డానికా?"

తాతయ్య గోడవైపు తిరిగి కూర్చున్నాడు. క్యాసెట్టు వెనక్కి తిప్పారు. పొదల్లోంచి పులి వచ్చింది, కొంచెం పొట్టతో. డప్పు మోగింది. దొంగ మీదికి దూకాల్సిన పులి ఆగి, పంజాతో నేలను తాకి కళ్ళకద్దుకుని, దండం పెట్టి, అప్పుడు దూకింది. మళ్ళీ తియ్యడానికి కంపెనీవాళ్ళకి ఫిల్ము లేదు కాబోలు, అలాగే ఉంచేశారు. వీధి వీధంతా ఘొల్లున నవ్వింది. యాత్రలో ఆ దండం ఎరగనివాళ్ళెవరు?

ముసలావిడ కళ్ళు తుడుచుకునేంత నవ్వి, కొడుకు వైపు తిరిగింది: "అబద్ధం ఆడ్నేదురా ఈడు. పులి తోల్లో దూరినా అమ్మోరిని మర్సిపోనేదు, కట్టుకున్నదాన్ని మర్సిపోతాడేటి?"

అలా మా చిన్నత్త మా ఇంటికొచ్చింది. వచ్చిందే గానీ ఆ సినిమా చూడలేకపోయింది. ఆ రోజే మూడోసారి వెనక్కి తిప్పుతుంటే టేపు చుట్టుకుపోయి తెగింది, మరో క్యాసెట్టు ఎక్కడా దొరకలేదు. మామయ్య మాత్రం ఆ కథను వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. తన పొట్ట పెళ్ళయ్యాక అత్త వంటతో వచ్చిందేనని జీవితమంతా దబాయించేవాడు కూడా. మేం నోరు విప్పలేదు.

ఆయన పోయి మూడేళ్ళయింది. మొన్న మనవడు సినిమాను ముందుకు జరపబోతే అత్త వద్దని, కళ్ళజోడు పెట్టుకుని మొదటినుంచీ చూసింది. జలపాతం దగ్గర నేను ఇటు తిరిగాను, ఆవిడ తిరగలేదు. పులి వచ్చింది, నేలను తాకింది, దండం పెట్టింది. అత్త కూడా ఆ చిన్న అద్దానికి రెండు చేతులూ జోడించింది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుంటూ, "పొట్ట అప్పుడే ఉందే" అంది. ముగ్గురం పడిపడి నవ్వాం.

ఒక్క పులిని చూడటానికి ఆనాడు వీధంతా ఒక గదిలో ఇరుక్కుని, ఒక కండువాను బతిమాలుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు, టేపు తెగుతుందన్న భయం లేదు, వేలితో తాకితే పులి ఎన్నిసార్లయినా వస్తుంది. అత్త మొన్న సాయంత్రం దాన్ని మళ్ళీ మళ్ళీ వేయించుకుంది. వేసిన ప్రతిసారీ నా చూపు తలుపు దగ్గరికే పోయింది, అది నేనే అంటూ ఎవరైనా లేచి నిలబడతారేమోనని.