సేఫ్టీ కారు వెనుక మూడు నిమిషాలు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి ఫిబ్రవరిలో, నా పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుండగా, మా కంపెనీ రేసింగ్ విభాగం నన్ను చీపురుపల్లికి పంపింది. అప్పటికి నా హోదా సీనియర్ స్ట్రాటజీ ఇంజనీర్. ఆ పేరు విని శ్రీకాకుళంలో మా బంధువులు నేను కార్లు డిజైన్ చేస్తాననుకునేవారు. రేసు మధ్యలో పెట్రోలుకీ, టైర్లకీ, డ్రైవరు మార్పుకీ కారు ఎప్పుడు ఆగాలో నిర్ణయించి రేడియోలో పిలవడం నా పని. కారు ఆగే ఆ చోటును పిట్ అంటారు. పాతికేళ్ళకు పైగా అదే చేశాను, ఎక్కువగా తమిళనాడు ట్రాకుల మీద. సొంత జిల్లాల వైపు పని పడటం అదే మొదలు, అదే చివర.

చీపురుపల్లికీ సముద్రానికీ నడుమ పరిశ్రమల కోసం వేసిన రోడ్లు కొన్ని ఖాళీగా పడి ఉండేవి. ఫ్యాక్టరీలు రాలేదు గానీ రోడ్లు మాత్రం బాగున్నాయి. ఒక మోటార్ క్లబ్బు అనుమతులు తెచ్చుకుని, మలుపుల దగ్గర పాత టైర్లు పేర్చి, అక్కడ చిన్న కార్లకు నాలుగు గంటల రేసు పెట్టింది. చుట్టూ జీడితోటలు పూత మీదున్నాయి. పిట్ గ్యారేజీలంటే వరసగా వేసిన షామియానాలే.

నాలుగు గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్ళు గెలిచినట్టు. ప్రతి కారుకూ ఇద్దరు డ్రైవర్లు. మధ్యలో రెండుసార్లు తప్పనిసరిగా ఆగాలి. పిట్ దారిలోకి వచ్చిన క్షణం నుంచి తిరిగి బయటపడేదాకా మూడు నిమిషాలకు తగ్గకూడదు. తొందరలో పెట్రోలు ఒలికి మంటలు లేవకుండా పెట్టిన నియమం అది. అంటే మెకానిక్కులు ఎంత చురుగ్గా ఉన్నా ఆ మూడు నిమిషాలు అందరికీ ఒకటే. తేడా అంతా ఎప్పుడు ఆగామన్న దానిలో ఉంటుంది. మనం ఆగి ఉన్నప్పుడు మిగతావాళ్ళు పూర్తి వేగంతో పోతుంటే చాలా నష్టపోతాం. వాళ్ళూ నెమ్మదిగా పోవలసి వచ్చిన వేళ ఆగితే నష్టం సగానికి తగ్గుతుంది. ట్రాకు మీద ప్రమాదం జరిగితే నిర్వాహకులు సేఫ్టీ కారు అనే ఒక బండిని పంపుతారు. అది దారి బాగయ్యేదాకా అన్ని కార్లకూ ముందుండి నెమ్మదిగా నడుస్తుంది. దాన్ని దాటకూడదు, ఒకరినొకరు కూడా దాటకూడదు. స్ట్రాటజీ ఇంజనీరు ఎదురుచూసేది ఆ సమయం కోసమే.

మా డ్రైవర్లిద్దరిదీ చీపురుపల్లి పక్క ఊరే. సింహాచలానికి ముప్ఫై ఎనిమిదేళ్ళు. ట్యాక్సీతో మొదలుపెట్టి రేసుల్లోకి వచ్చినవాడు. వేగం ఒక మోస్తరు, కానీ ఇంజన్ని, టైర్లని, పెట్రోల్ని అతనంత పొదుపుగా వాడే డ్రైవరు మా దగ్గర మరొకరు లేరు. అంతకుముందు సీజన్లో కారు పల్టీ కొట్టి కుడి మణికట్టు విరిగింది. డాక్టర్లు నడపవచ్చని రాసిచ్చాకే తిరిగి వచ్చాడు. రెండోవాడు పైడిరాజు, సింహాచలం భార్య ధనలక్ష్మికి తమ్ముడు. ఇరవై నాలుగేళ్ళు. బావ దగ్గరే కారు నేర్చుకుని బావ కంటే వేగంగా నడిపేవాడు.

మరుసటి సీజన్ నుంచి మా విభాగం కార్ల సంఖ్య తగ్గిస్తోంది. వీళ్ళిద్దరిలో ఒకరికే చోటు. ఎవరన్నది ఈ రేసు చూశాక నేను చెప్పాలని మేనేజరు అప్పగించారు. ఆ సంగతి ఇద్దరికీ ఆయనే చెప్పేశారు కూడా. రేసు రోజు పొద్దున్నే ధనలక్ష్మి షామియానా దగ్గరికి వచ్చి నన్ను పక్కకు పిలిచింది.

“అక్కా, ఈలిద్దర్లో ఎవుల్ని ఉంచుతారో ఇప్పుడే సెప్పీయండి. ఒకడు మొగుడు, ఒకడు తమ్ముడు. ఎవుల్ని తీసీసినా గోల నా కొంపలోనే కదా.”

రేసయ్యేదాకా నాకూ తెలియదన్నాను. అది నిజమే.

మా పథకం మామూలుదే. మొదటి భాగం సింహాచలం, మధ్య భాగం పైడిరాజు, చివరి భాగం మళ్ళీ సింహాచలం. ట్యాంకు నిండా పోస్తే పూర్తి వేగంలో గంటన్నర వస్తుంది. రేసు ముగియడానికి గంటన్నర ముందు రెండోసారి ఆగితే ఆ ట్యాంకుతో చివరిదాకా పోవచ్చు. అంతకంటే ముందు ఆగితే పెట్రోలు చాలదు.

సింహాచలం కారును నాలుగో స్థానంలో తెచ్చి అప్పగించాడు. పైడిరాజు ఎక్కిన అరగంటకే రెండో స్థానానికి వచ్చేశాడు. ముందున్నది బెంగళూరు జట్టు కారు, అంతకుముందు ఏడాది ఇలాంటి రేసులు వరసగా గెలిచినవాళ్ళు. చుట్టు చుట్టుకూ వాళ్ళకీ మాకూ మధ్య దూరం తరిగిపోతోంది. కంచె అవతల చీపురుపల్లి నుంచి వచ్చిన జనం పేరు పెట్టి అరుస్తున్నారు. ఇంకో రెండు మూడు చుట్లలో పైడిరాజు ముందుకు పోతాడని అందరికీ అర్థమైపోయింది.

సరిగ్గా అప్పుడు వెనకబడిన కారొకటి కల్వర్టు మలుపులో టైర్ల గోడను గుద్ది రోడ్డుకు అడ్డంగా తిరిగింది. డ్రైవరు తన కాళ్ళ మీద తనే బయటికి వచ్చాడు. సేఫ్టీ కారు బయల్దేరింది.

మేం అనుకున్న సమయానికి ఇంకా పావుగంట ఉంది. ఇప్పుడు పిలిస్తే ఆగినందుకు పడే నష్టం సగమే, కానీ సేఫ్టీ కారు వెనుక నెమ్మదిగా పోయేటప్పుడు కొంత మిగిలినా, చివర్లో సుమారు పది నిమిషాలకు పెట్రోలు తక్కువ పడుతుంది. పైడిరాజు అంత మిగల్చలేడు. సింహాచలం మిగల్చగలడు. ఆలోచించడానికి ఒక చుట్టు కూడా వ్యవధి లేదు, ఎందుకంటే పిట్ దారి దాటిపోతే మళ్ళీ వచ్చేసరికి సేఫ్టీ కారు తప్పుకుపోవచ్చు. రేడియో నొక్కి, ఈ చుట్టే లోపలికి రమ్మన్నాను.

“ఏటక్కా! ఇప్పుడా? ముందోడు దొరికిపోతన్నాడు. పావుగంట వదిలీండి నన్ను.”

మళ్ళీ పిలిచాను. కారణం చెప్పలేదు, చెప్పే వ్యవధి లేదు. ఈ రేసులో అతను మళ్ళీ కారెక్కేది లేదని అతనికీ తెలుసు. బెంగళూరు కారు నేరుగా ముందుకు పోయింది. వాళ్ళ ఇంజనీరు పిలవలేదు. వాళ్ళిద్దరు డ్రైవర్లూ తొక్కి నడిపే రకం, ఆయన లెక్కలో అది సరైన నిర్ణయమే. మా కారు ఆ వెనకే పిట్ దారి మొదలు దాకా వచ్చింది. చివరి గజాల్లో పైడిరాజు స్టీరింగు ఎడమకు తిప్పాడు.

“వస్తన్నాను” అన్నాడు. ఆ ఒక్క మాటే.

కంచె వెంబడి జనం ఉసూరుమన్నారు. కారు ఆగింది. ఇంజన్ ఆపాక గానీ పెట్రోలు గొట్టం తగిలించకూడదు, పక్కన ఒకరు మంటలార్పే సిలిండర్ పట్టుకుని నిలబడాలి. ఆ పని జరుగుతుండగా పైడిరాజు బెల్టులు విప్పుకుని దిగాడు. సింహాచలం హెల్మెట్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఎక్కకుండా నా వైపు తిరిగాడు.

“ఆడ్నే ఉంచీండి అక్కా. ఊపు మీదున్నాడు. ఇల్లంతా సూడ్డానికొచ్చినారు. నేను దిగిపోయినోణ్ణే అనుకోండి.”

నేను జవాబిచ్చేలోపు పైడిరాజే అందుకున్నాడు. “నా వల్ల అవదు బావా. సివరాకర్న పెట్రోలు సాల్దు. నాకు తొక్కడమే వస్తాది, కాలెత్తడం రాదు. నువ్వెక్కు.”

పిట్‌కి ఎందుకు పిలిచానో నేను చెప్పకుండానే అతనికి తట్టింది. బావను సీట్లో కూర్చోబెట్టి బెల్టులు తనే బిగించాడు. కుడిచేతి గ్లవ్ పట్టీ కాస్త వదులు చేశాడు, మణికట్టు తిప్పడానికి వీలుగా. మూడు నిమిషాలు నిండాక సింహాచలం బయటికి పోయాడు. అప్పటికీ సేఫ్టీ కారు ట్రాకు మీదే ఉంది.

దారి తెరిచిన కొంతసేపటికి బెంగళూరు కారు రెండోసారి ఆగింది. అప్పుడు మిగతావాళ్ళంతా పూర్తి వేగంతో పోతున్నారు. వాళ్ళు తిరిగి ట్రాకు మీదకు వచ్చేసరికి మా కారు నిమిషం పైచిలుకు ముందుంది. ట్రాకు మీద ఎవర్నీ దాటకుండానే మొదటి స్థానంలోకి వచ్చాం. చూసేవాళ్ళకు ఇది గారడీలా అనిపిస్తుంది గానీ, అవే మూడు నిమిషాలు వాళ్ళకు ఎక్కువ ఖరీదు పడ్డాయి, అంతే.

ఆ తర్వాతది సింహాచలం పని. పెట్రోలు మిగల్చాలంటే నెమ్మదిగా నడిపితే చాలదు. తిన్నని రోడ్డు చివర బ్రేకు వేసే చోటు కంటే ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, కారును దాని ఊపుతో మలుపు దాకా పోనివ్వాలి. ప్రతి చుట్టులో ప్రతి మలుపు దగ్గరా అదే చేయాలి. వెనకవాడు దగ్గరపడుతున్నా సరే. బెంగళూరు కారు చుట్టుకు రెండేసి సెకన్లు తినేస్తూ వస్తోంది.

పైడిరాజు బట్టలు కూడా మార్చుకోలేదు. నా పక్కన నిలబడి తెర మీద రెండు కార్ల సమయాలూ చూస్తున్నాడు. కాసేపటికి సముద్రపు గాలి లేచింది.

“అక్కా, కల్వర్టు కాడ ఎర్రమట్టి కొట్టుకొస్తన్నాది. బావకి సెప్పాల. నాను సెప్పనా?”

రేడియోలో ఒక్కరే మాట్లాడాలన్నది మా విభాగంలో గట్టి నియమం. డ్రైవరు రెండు గొంతుల్లో ఏది వినాలో తేల్చుకోలేడు. నేను హెడ్‌సెట్ తీసి అతనికే ఇచ్చేశాను. ఆ గంటా ఒక్కటే గొంతు, అది అతనిది.

“బావా, కల్వర్టు మలుపులో లోపలికెల్లకు, మట్టుంది. బయట్నించి రా. గాలి ఎనక నుంచి కొడతన్నాది సూడు, పెద్ద రోడ్డు మీద ఇంకా ముందే కాలెత్తీ. అదే తోసుకుపోతాది.”

“ఎవుడ్రా అది, నువ్వేటి?” అన్నాడు సింహాచలం. ఒక్క నవ్వు వినిపించింది. తర్వాత ఆ చెప్పినట్టే చేశాడు.

నేను పెట్రోలు లెక్క చూసుకుంటూ ఉన్నాను. చివరి పావుగంటకు వచ్చేసరికి అతను నేనడిగిన దానికంటే ఎక్కువే మిగిల్చాడు. కానీ బెంగళూరు కారు వెనకాలే అద్దంలో కనిపించేంత దగ్గరికి వచ్చేసింది. ఆఖరి మూడు చుట్లు మిగిలాయనగా పైడిరాజుతో అన్నాను, ఇక దాచుకోనక్కర్లేదని చెప్పమని.

“బావా, ఇక తొక్కీ! మొత్తం తొక్కీ!”

తొక్కాడు. రెండు చుట్లు వెనకవాడు ప్రతి మలుపులోనూ ముక్కు దూర్చబోయాడు. చివరి చుట్టులో కల్వర్టు దగ్గర లోపలి వైపు నుంచి దాటబోయి ఎర్రమట్టిలో టైర్లు జారి కాస్త వెనకబడ్డాడు. మా కారు ముగింపు గీత దాటేటప్పటికి ఇద్దరి మధ్యా రెండు కార్ల పొడవుంది. గీత దాటిన తర్వాతి మలుపు దాకా వచ్చి మా కారు పెట్రోలు అయిపోయి ఆగిపోయింది. పైడిరాజు హెడ్‌సెట్ బల్ల మీద పడేసి అటు పరుగెత్తాడు.

బహుమతి ఇచ్చేముందు షామియానాలో అందరూ ఒకరి మీద ఒకరు పడుతుండగా, సింహాచలం ఒక మూలన కూర్చుని నీళ్ళ సీసా మూత తిప్పబోవడం చూశాను. రెండుసార్లు ప్రయత్నించాడు, తిరగలేదు. ఎవరూ చూడలేదనుకుని సీసా ధనలక్ష్మికి అందించాడు. ఆమె మూత తీసి ఇచ్చింది. ఏమీ అడగలేదు. అది ఆ ఇంట్లో కొత్త సంగతి కాదని నాకు అర్థమైంది.

సోమవారం మేనేజరు అడిగారు. పైడిరాజు పేరు చెప్పాను. రేసు గెలిపించింది సింహాచలం కదా అని ఆయన ఆశ్చర్యపోయారు. నా కారణాలు రెండే. వచ్చే సీజన్‌లో ఎక్కువ రేసులు చిన్నవి, పెట్రోలు మిగల్చే పని వాటిలో ఉండదు. రెండోది, ముందున్న కారును అందుకోబోతూ, సొంతూరి జనం ముందు, కారణం తెలియకుండా, పిలిచిన చుట్టులోనే లోపలికి వచ్చిన డ్రైవర్లను నా ఉద్యోగంలో నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. మణికట్టు సంగతి మేనేజరుకు చెప్పలేదు. అది సింహాచలం చెప్పుకోవలసిన విషయం.

సింహాచలానికి మాత్రం నేనే స్వయంగా చెప్పాలనుకున్నాను. ఆ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. పైడిరాజు అక్కడ లేడు, కావాలనే బయటికి పోయాడట. సింహాచలానికి విషయం చెప్పాను. ధనలక్ష్మి గుమ్మంలోనే నిలబడిపోయింది.

“తెలిసిందే కదక్కా” అన్నాడతను. “గంట దాటితే ఈ సెయ్యి నా సెయ్యి కాదు. ఆడికి సెప్పలేదు గానీ, ఆ రోజు ఎల్లెల్లి దేన్నైనా గుద్దీస్తానేటో అని బయమేసింది. గెలిసి దిగినాను, సాలు.”

“మరి కారెక్కక ముందే సెప్పొచ్చు కదా!” అంది ధనలక్ష్మి కోపంగా. కళ్ళు తుడుచుకుని, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఇంట్లో గోల ఆమె భయపడినంత కాలేదని తర్వాత తెలిసింది. నెల రోజులు తమ్ముడు మాత్రం బావ ఎదురుగా రాలేకపోయాడట.

పైడిరాజు ఇప్పటికీ మా పాత జట్టుకే నడుపుతున్నాడు. సింహాచలానికి కంపెనీ లారీ డ్రైవర్లకు పెట్రోలు, డీజిలు పొదుపు నేర్పే ఉద్యోగం వచ్చింది. జీతం రేసుల్లో కంటే తక్కువ. పని బాగా చేస్తున్నాడని విన్నాను.

ఆ రేసును పిట్ నిర్ణయమే గెలిపించిందని తర్వాత చాలామంది అన్నారు. నా వరకు నేను నేర్చుకున్నది ఇంకాస్త చిన్న విషయం. సేఫ్టీ కారు బయటికి వచ్చిన క్షణాన పిలవాలా వద్దా అన్న లెక్క ఏ ఇంజనీరైనా వేయగలడు. ఆ పిలుపు పనికొచ్చేది దిగవలసినవాడు దిగడానికి ఒప్పుకున్నప్పుడు, ఎక్కవలసినవాడికి ఆ చివరి గంటకు కావలసిన పని తెలిసినప్పుడు. ఆ రెండూ రేసు రోజున తయారయ్యేవి కావు. అందుకే ఆ తర్వాత మిగిలిన రెండేళ్ళూ, రేసుకు ముందు నేను పెట్రోలు లెక్కల కంటే డ్రైవర్లతోనే ఎక్కువసేపు కూర్చున్నాను.