మా మామ ఖాళీ విమానాలు

మా మేనమామ పోయాడన్న కబురు నాకు బడిలోనే తెలిసింది. ఏడో తరగతి ఆడపిల్లలకు భిన్నాలు చెబుతున్నాను. స్టేషన్ హమాలీ వచ్చి గుమ్మంలో నిలబడి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. "పార్సిల్ సారు పోయిండమ్మా. పొద్దుగాల ఛాతీల నొస్తుందన్నడు. దవాఖానకు తీస్కపోయినం గని గంట కూడ ఆగలె" అన్నాడు. సుద్దముక్క బల్ల మీద పెట్టి, పిల్లలను పంపేసి, ఆ ఎండలోనే ఇంటికి నడిచాను.

అమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చెప్పాను. ఆమె వేళ్లు ఒక్కసారి ఆగి మళ్లీ రాళ్ల కోసం వెతకడం మొదలుపెట్టాయి. "పోతే నన్నేం జెయ్యమంటవ్?" అంది. సొంత అన్న. తోడబుట్టినవాడు ఆయనొక్కడే. ఐదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఆఖరిచూపుకు కూడా ఆమె కదల్లేదు. వాడకట్టు ఆడవాళ్లు ఆమెను బండరాయి అన్నారు. కాదు. ఎందుకు కాదో తెలిసినవాళ్లం ఇద్దరమే, మామా నేనూ. చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు ఆయన. నాకు ఒట్లంటే నమ్మకం లేదు. అయినా ఐదేళ్లు నోరు మెదపలేదు, దాన్ని ఏమంటారో మీరే చెప్పండి. ఇప్పుడు ఒట్టు వేయించుకున్న మనిషే లేడు కాబట్టి రాస్తున్నాను.

మామ మహబూబ్‌నగర్ స్టేషన్‌లో పార్సిల్ గుమస్తా. అంతకు ముందు, నిజాం రోజుల్లో, హైదరాబాదులో విమానాలు దిగే మైదానంలో మెకానిక్కుల చేతి కింద పనిచేశాడు. ఇంకా ముందు, కేతేపల్లి వైపు గుట్టల్లో మా తాత గొర్రెలు కాశాడు. మొదటిసారి గాలిమోటరును చూసింది అక్కడే. మా వైపు విమానాన్ని అలాగే అనేవాళ్లు. "మందంత చెదిరింది బిడ్డా. నేను మాత్రం మొఖం మీదికి ఎత్తుకోని అట్లనే నిలబడ్డ. మూడు గొర్లు దొరకలె. మీ తాత కట్టె ఇరిగెదాక కొట్టిండు" అని ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా నవ్వేవాడు.

మా అత్త పెళ్లయిన నాలుగేళ్లకే పోయింది, పిల్లల్లేరు. స్టేషన్ వెనక కిరాయి ఇంట్లో ఒక్కడే ఉండేవాడు. బొంబాయి రేవులో పనిచేసే పాత దోస్తు ఏడాదికి ఒకటో రెండో అట్టడబ్బాలు పంపేవాడు. అన్నీ బయటి దేశాల సరుకు. డబ్బా తెరిస్తే ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని రెక్కలు, తోకలు, చక్రాలు, గోరంత ముక్కలు ఉండేవి. వాటిని తుంచి, గీకి, కాగితంలోని బొమ్మ చూసి అతికిస్తే జానెడు విమానం తయారయ్యేది. మామూలు విమానాలు ఆయన కంటికి ఆనేవి కావు. ముక్కు దగ్గర తిరిగే ఫంకా లేకుండా మంట కక్కుతూ పోయే కొత్త జెట్లు, అందులోనూ ఎగురుతుందో లేదో చూద్దామని ఒకటో రెండో చేసి గాల్లోకి వదిలినవి, అవే కావాలి. తోకే లేనిది ఒకటి. తోక మీద నిటారుగా నిలబడి లేచేది ఒకటి. పెద్ద విమానం కడుపులోంచి జారాక మంట అంటించుకునేది ఒకటి.

మా ఎండలకు రెక్కలు వంకర పోతాయని డబ్బాలను నీళ్ల రంజను పక్కన తడి ఇసుక మీద పెట్టేవాడు. వాటితో వచ్చే జిగురు దారిలోనే ఎండిపోయేది. మిగిలిన ప్లాస్టిక్ పుల్లలను బోర్డులు రాసే పెయింటరు ఇచ్చిన థిన్నరులో కరిగించి సొంతంగా జిగురు చేసుకునేవాడు. ఆ వాసనకు నాకు తల పగిలిపోయేది. అతికించాక ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. "ఆరనియ్ బిడ్డా, ఆరనియ్." ఏ తొందరకైనా ఆయన జవాబు అదే. కుదిరిన సంబంధం తప్పిపోయి నేను ఏడుస్తుంటే కూడా అదే మాట అన్నాడు. ఒళ్లు మండింది గానీ, నిజంగానే ఆరింది.

ప్రతి డబ్బాలో వేలిగోరంత మనిషి బొమ్మ ఒకటి వచ్చేది, విమానం నడిపేవాడు. గాజులాంటి మూత తీసి వాడిని లోపల కూర్చోబెట్టాలి. మామ కూర్చోబెట్టేవాడు కాదు. అందరినీ ఒక జర్దా డబ్బాలో వేసి పెట్టేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను.

"గిది రెండోపారి లేసినప్పుడే కూలింది బిడ్డా. గది సముద్రంల వడ్డది. గా మూలకున్నది గాలిలనే చెక్కలైంది. దిగుతదో లేదో తెల్వని దాంట్ల మనిషిని ఎట్ల కూసోవెడ్త?"

అలా పదకొండు విమానాలు నడిమింటి దూలాలకు దారాలతో వేలాడేవి, పదకొండూ ఖాళీగా. స్టేషన్ మీదుగా గూడ్సు బండి పోయినప్పుడల్లా ఒక్కసారి వణికేవి. అంటించని గాజుమూతలు టకటకమని కొట్టుకునేవి. ఆ చప్పుడు పూర్తిగా ఆగేదాకా మామ మాట్లాడేవాడు కాదు. వాటి కింద కూర్చుని అన్నం తినాలంటే నాకు ముద్ద దిగేది కాదు.

మా తమ్ముడికి మాత్రం అదే స్వర్గం. వాటి కింద చాప వేసుకుని, వాటిని చూస్తూ పెరిగాడు. చివరికి మిలిటరీలో విమానం నడిపే ట్రైనింగుకు ఎంపికయ్యాడు. ఊరంతా మెచ్చుకుంటుంటే మామ గోడకు చేరగిలబడి కూర్చుండిపోయాడు. "నేనే గదా వాని నెత్తిల గీ పురుగు దొలిపిచ్చింది" అన్నాడు నాతో. తండ్రి లేని పిల్లవాడు. మా ఇంట్లో ఉన్న మగదిక్కు వాడే, అమ్మ ప్రాణమంతా వాడే.

కొన్ని నెలలకు తమ్ముడు ఉత్తరం రాశాడు, ఇక జెట్టు మీద ఎక్కిస్తున్నారని. ఆ ఆదివారం అమ్మా నేనూ మామ ఇంట్లో ఉన్నాం. ఉత్తరం చదవడం అయ్యీ కాకముందే గూడ్సు వచ్చింది. నడి దూలానికి మూడుమూలల రెక్కల జెట్టు ఒకటి ఉండేది. అది అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అమ్మ దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"అన్నా, ఖాళీ ఉయ్యాల ఊపొద్దంటరు. నీ ఇంట్ల పదకొండు ఊగుతున్నయ్. పోరడు ఆడుంటే గిదేం పని?"

"గవి ఉయ్యాలలు గావు చెల్లె."

"ఊగుతున్నయ్ గదా! ఒకన్ని కూసోవెట్టు. నీ సొమ్మేం బోయింది?"

"కూసోవెట్టుడే వద్దంటున్న" అన్నాడు మామ. ఆయన గొంతు పెంచడం నేను వినడం అదే మొదలు. ఇద్దరి భయమూ ఒక్కడి గురించే. ఆయనకు మనిషి కూర్చుంటే భయం, ఆమెకు కుర్చీ ఖాళీగా ఊగితే భయం.

రెండు రోజుల తర్వాత మామ డ్యూటీలో ఉండగా, ఇల్లు ఊడ్చి వస్తానని అమ్మ తాళంచెవి తీసుకుని వెళ్లింది. ఆ సాయంత్రం నేను జొన్నరొట్టెలు పట్టుకుని వెళ్లేసరికి మామ స్టూలు మీద నిలబడి ఉన్నాడు. మూడుమూలల జెట్టులో మనిషి కూర్చుని ఉన్నాడు. కింద పచ్చగా తుమ్మజిగురు బొట్టు. అదీ ముక్కు వైపు కాదు, తోక వైపు తిరిగి కూర్చున్నాడు. నాకు నవ్వాగలేదు. ముందర ఫంకా లేకపోయేసరికి పాపం అమ్మకు ముందేదో వెనకేదో తెలియలేదు అన్నాను. మామ నవ్వలేదు. గోరంత ముక్కలు పట్టే చిమటా పైకెత్తాడు, వాడిని లాగేయడానికి. చెయ్యి మధ్యలోనే ఆగింది.

"ఉండనియ్. కూసున్నోన్ని గుంజాల్నంటే చెయ్యి వస్తలేదు" అని దిగిపోయాడు.

మర్నాడు దాని దారం విప్పి చేపల గాలపు దారం కట్టాడు. వారానికోసారి ముడి తడిమి చూసేవాడు. ఉత్తరం వచ్చిందని నేను చెప్పినప్పుడల్లా అడిగేది ఒక్కటే. "ఇంజన్లు ఎన్నంట?" "ఒకటే మామా." తల పైకెత్తి దూలం వైపు చూసేవాడు. నేను చదువుకున్నదాన్ని, లెక్కల టీచరును. అయినా బండి చప్పుడు వింటే నా చూపు కూడా పైకే పోయేది.

వానాకాలం మధ్యాహ్నం టెలిగ్రాం వచ్చింది. ట్రైనింగులో ఒంటరిగా లేచిన తమ్ముడు దిగలేదు. పెట్టె మూసే పంపారు, తెరవొద్దన్నారు.

అమ్మ ఏడవలేదు. తన కుడిచేతిని గోడకేసి కొట్టుకునేది. "గీ చెయ్యే కూసోవెట్టింది. అన్న వద్దన్నా ఇనలె. నేనే కూసోవెట్టిన." నీళ్లు పోస్తే ఉమ్మేసేది. నేను ఎంత చెప్పినా, ప్లాస్టిక్ బొమ్మకూ దీనికీ సంబంధమేమిటని అరిచినా ఆమె చెవికెక్కలేదు. ఐదో రోజుకు ఆమె కళ్లు లోపలికి పోయాయి. తమ్ముడి వెనకే ఈమె కూడా పోతుందని నాకు అర్థమైంది. మామకూ అర్థమైంది.

ఆ రోజు మామ వచ్చి ఆమె ముందు కింద కూర్చున్నాడు. "చెల్లె, నువ్వు పెట్టినోడు గా దినమే ఊడి కింద వడ్డడు. తీసి డబ్బల ఏసిన. ఎనక పోరని ఫోటో వచ్చినప్పుడు సంబురం ఆగలె, నా చేతులతోని నేనే ఇంకొకన్ని కూసోవెట్టిన. తప్పు నాది" అన్నాడు.

అమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. తర్వాత చూడాలి ఆమెను! నా జన్మలో ఎప్పుడూ వినని తిట్లు. "నా కొడుకును మింగినవ్! ఇంక నీ గడప తొక్క, నీ మొఖం సూడ" అని పక్కనున్న చెంబు విసిరింది. అది ఆయన కణతకు తగిలింది. మామ లేచి బయటికి వచ్చి, రక్తం తుడుచుకుంటూ నా చేయి పట్టుకున్నాడు. "నిజం జెప్తే నా మీద ఒట్టు బిడ్డా" అన్నాడు. ఆ సాయంత్రం అమ్మ నాలుగు ముద్దలు తింది. కోపంతోనే తింది, అయినా తింది. ఇవాళ మా అమ్మ బతికి ఉందంటే అది మామ చలవ.

తర్వాత ఐదు దసరాలు వచ్చాయి. దసరా సాయంత్రం మా వైపు పెద్దల చేతిలో జమ్మాకు పెట్టి కాళ్లు మొక్కుతారు. చిన్నది అమ్మే వెళ్లాలి. వెళ్లేది కాదు. పెద్దవాడు మామే వచ్చి, మా గడప మీద గుప్పెడు జమ్మాకు పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయేవాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా ఆగి, అమ్మ చీపురు తీసుకుని దాన్ని ఊడ్చి పారబోసేది. నేను గొంతు దాకా వచ్చిన మాటను ప్రతి ఏడూ మింగాను.

మొన్న పదకొండో దినం నాడు మామ ఇంటి గోడ మీద ఆయన పేరున అన్నం పెట్టారు. పిట్ట ముట్టాలి. పొద్దు నడినెత్తికి వచ్చినా ఒక్క కాకీ వాలలేదు. "చెల్లె రాకపాయె, ఎట్ల ముడ్తది?" అని చుట్టాలు నా మీద పడ్డారు. నేను ఇంటికి పోయి అమ్మతో పిట్ట ముట్టలేదన్న మాట మాత్రం చెప్పాను. ఏమనుకుందో, చెంగు నెత్తిన కప్పుకుని లేచింది.

నడిమింట్లోకి వచ్చి ఆగింది. తల ఎత్తి ఒక్కో విమానాన్నీ చూసుకుంటూ నడి దూలం దగ్గరికి వచ్చింది. దుమ్ము పట్టిన గాజుమూతను వేలితో తుడిచింది.

"గిది నా చెయ్యే" అంది.

నేను కూడా దగ్గరికి వచ్చి తల ఎత్తాను.

"వీడు ఎనక్కి తిరిగి ఉన్నడు. నేనే అట్ల కూసోవెట్టిన."

"ముందేదో తెలియక పెట్టావనుకున్నానమ్మా."

"ఎందుకు తెల్వదే? ముక్కేదో నాకు తెల్వదా? ఎంత దూరం పోయినా పోరని మొఖం ఇంటి దిక్కే ఉండాలె అని తిప్పి కూసోవెట్టిన. మా అన్న పెట్టినోడైతే ముందటికి సూస్తుండె." నా వైపు తిరిగింది. "నీకు ఎర్కనా?"

తలూపాను.

"అయిదేండ్లు జమ్మాకు ఊడ్సి పారవోసిన గదే" అంది.

అప్పుడే గూడ్సు బండి వచ్చింది. నేల అదిరింది. పది ఖాళీ విమానాలు ఒక్కసారి వణికి, గాజుమూతలు టకటకమని కొట్టుకున్నాయి. అమ్మ రెండు చేతులూ పైకెత్తి ఆ పదకొండో దాన్ని దోసిట్లో పట్టుకుంది. బండి చాలా పొడవు. చివరి డబ్బా దాటిపోయేదాకా ఆమె చేతులు దించలేదు. బయట గోడ మీద అన్నం అలాగే ఉంది. ఆమె వేళ్ల సందులోంచి ఆ గోరంత మనిషి వెనక్కి తిరిగి మమ్మల్నే చూస్తున్నాడు.