విశ్రామ్‌కీ సావధాన్‌కీ మధ్య

నా ఎడమ భుజం మీద ఒక చేయి ఉంది. తొమ్మిదో తరగతిలో పడింది. ఇంతవరకూ దిగలేదు. నొప్పి లేదు, డాక్టరుకు చూపించేదీ కాదు. పాపను ఎత్తుకుంటే తల ఎప్పుడూ అటే వాలుస్తుంది, అప్పుడు బరువు తెలుస్తుంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

బొల్లారం వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో చదువుకున్నాను. మా తరగతిలో క్రైస్తవులం ఇద్దరమే, నేనూ ఇంకో అమ్మాయీ. ఆమెను రూతు అందాం. అసలు పేరు అది కాదు. మాది గంట ఉన్న పెద్ద చర్చి. వాళ్ళది ఒకరింట్లో చాపలు పరుచుకుని కూర్చునే చిన్న ప్రార్థన కూటం. దేవునికి తప్ప మరి దేనికీ కీర్తన పాడకూడదని వాళ్ళ నమ్మకం. అందుకని ఉదయం ప్రార్థన చివర జాతీయ గీతం వచ్చినప్పుడు రూతు నిటారుగా నిలబడేది, చేతులు పక్కకు పెట్టుకునేది, పెదవులు మాత్రం కదిపేది కాదు. అది అందరికీ తెలుసు. ఎవరూ పట్టించుకోలేదు. ఇండియా మ్యాచ్ ఉన్న మర్నాడు మాత్రం ఆమె గొంతు పూర్తిగా పోయి ఉండేది. హాజరు పిలిస్తే పలకలేక చెయ్యెత్తేది, క్లాసంతా నవ్వేది.

నేను గట్టిగా పాడేదాన్ని. నాన్న కంటోన్మెంట్‌లో ఒక ఆఫీసులో గుమాస్తా. మా పేర్లు అడిగి తెలుసుకున్నవాళ్ళు ఇంకోసారి మా మొహం వంక చూస్తారని ఆయనకు తెలుసు. "మనం ఇంకొంచెం గట్టిగా పాడాలమ్మా" అనేవారు. కోపంగా కాదు, వర్షం వచ్చేలా ఉంది గొడుగు తీసుకెళ్ళమన్నట్టు. నేను తీసుకెళ్ళాను. నా గొంతు దేశం కోసం లేచిందా, పక్క వరుసకు వినపడాలని లేచిందా? ఆ వయసులో ఆ ప్రశ్న రాలేదు. ఇప్పుడు వస్తే జవాబు నాకు నచ్చడం లేదు.

మా పి.టి. సారు సైన్యంలో చేసి వచ్చిన మనిషి. ఆయన "విశ్రామ్" అంటే కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని ఉపన్యాసాలు వినాలి. "సావధాన్" అంటే మడమలు కలిపి, కదలకుండా గీతం అందుకోవాలి. ఈ రెండు కేకల మధ్య జరిగినదే నేను దాచింది.

ఆ రోజు బాగా ఎండగా ఉంది. రూతు జ్వరం తగ్గి బడికి వచ్చిన మొదటి రోజు. ప్రిన్సిపాల్ మాట్లాడుతూనే ఉన్నారు, మేం విశ్రామ్‌లో ఉన్నాం. నా వెనక నుంచి "కళ్ళు తిరుగుతున్నయే" అని సన్నగా వినిపించింది. తర్వాత గౌను మట్టికి తగిలిన చప్పుడు. కూర్చుండిపోయింది. నేను వెనక్కి తిరగలేదు. అప్పుడు సారు "సావధాన్" అన్నారు. నా ఎడమ భుజం మీద చేయి పడింది. దాన్ని పట్టుకుని రూతు లేచింది. గీతం అయ్యేదాకా ఆ చేయి అక్కడే ఉంది, వేడిగా, బరువుగా. నేను పాడుతూనే ఉన్నాను.

పక్క వరుసలో ఎవరో చూసి సారుకు చేరవేశారు. ఆయన నన్ను ఆటసామాన్ల గదికి పిలిచారు.

"నువ్వే గదా ఆమె ముంగట నిలబడేది?"

"అవును సార్."

"ఆ పిల్ల పాడదంట. పాడకుంటే పాడకపాయె, సక్కగ నిలబడితే సాలు నాకు. కూర్చున్నదని అంటున్నరు."

నేను మూలనున్న బంతుల సంచి వంక చూశాను.

"ఏందమ్మా, మీ వాళ్ళంతా గిట్లనేనా?"

మీ వాళ్ళు. ఆ మాట వినగానే నా చెవులు వేడెక్కాయి.

"మా వాళ్ళు కాదు సార్. వాళ్ళు వేరే. మేం పాడతాం."

"అది ఎరుకే. నీ గొంతు గేటు దాక వినిపిస్తది. అడిగింది చెప్పు. కూర్చున్నదా?"

"కూర్చుంది సార్."

"శభాష్. గిట్లుండాలె" అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట. కూర్చుంది నిజమే కదా? నిజమే. ఎప్పుడు కూర్చుందో చెప్పలేదు, ఎప్పుడు లేచిందో చెప్పలేదు, దేన్ని పట్టుకుని లేచిందో చెప్పలేదు. ఆయన తలుపు తెరిచే ఉంచారు. నిలబడితే చాలని తనంతట తానే అన్నారు. "లేచింది సార్" అన్న రెండు మాటలు సరిపోయేవి. "నేను చూడలేదు" అన్నా సరిపోయేది, నిజంగానే చూడలేదు కాబట్టి. కానీ ఆమెను కాపాడితే ఆమె మా మనిషి అయిపోతుంది. నేను మళ్ళీ ఆ "మీ వాళ్ళ"లో కలిసిపోతాను. అదీ నా లెక్క. పద్నాలుగేళ్ళ పిల్లకు అంత లెక్క వస్తుందా అని మీరు అడగవచ్చు. వస్తుంది.

కూర్చున్నందుకు మర్నాడు అందరి ముందూ రూతును ఒక్కదాన్నే పాడమన్నారు. రూతు నిలబడింది, పాడలేదు. వాళ్ళ నాన్న మోటార్లకు వైండింగ్ చేసే మనిషి. చేతుల నల్లదనం కూడా కడుక్కోకుండా వచ్చి ప్రిన్సిపాల్ గది బయట చాలాసేపు ఉన్నాడు. టీసీ ఇచ్చి పంపించేశారు. సంవత్సరం మధ్యలో ఏ బడీ చేర్చుకోలేదని, ఇంట్లోనే ఉందని తర్వాత విన్నాను.

వెళ్ళే రోజు గేటు దగ్గర నన్ను ఆపింది.

"సారుకు నువ్వే చెప్పినవా?"

"కూర్చున్నవ్ కదా."

"కూర్చున్న" అంది. సంచి సర్దుకుంది. "నీ భుజం పట్టుకునే లేచిన గదనే" అంది. నిష్ఠూరంగా కాదు. నేనేదో వస్తువు మరిచిపోతే గుర్తుచేసినట్టు.

"బస్సొచ్చింది" అన్నాను నేను.

ఆ జనవరిలో కవాతులో జెండా పట్టుకునే అమ్మాయిగా సారు నన్ను ఎంచారు. ఆ ఫోటో అమ్మవాళ్ళింట్లో, బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన ఇప్పటికీ ఉంది. నాన్న వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. ఇప్పుడు మా పాప చూపిస్తుంది. "మా అమ్మ జెండా పట్టుకుంది." జెండా కర్ర ఎడమ భుజానికే ఆనించి ఉంటుంది ఫోటోలో.

ఒకసారి బేగంపేట మెట్రోలో ఒకామెను చూశాను. రూతో కాదో తెలియదు. తెలుసుకోకుండా ఉండడానికి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాను.

ఇప్పటికీ ఎక్కడైనా గీతం మొదలైతే అందరికంటే గట్టిగా నాదే వినిపిస్తుంది. తర్వాత ఎవరు గమనించారా అని చూస్తాను. దేశాన్ని ప్రేమించడమంటే నాకు మొదటినుంచీ ఎవరికో చూపించడమే. పరాయి ఇంటికి వెళ్ళినప్పుడు వంట బాగుందని పదేపదే అంటామే, అట్లా. రూతు ఆ ఇంట్లో పుట్టిన పిల్లలా ఉండేది. మాట్లాడాలనిపించకపోతే మాట్లాడేది కాదు, మ్యాచ్ గెలిస్తే గొంతు పోయేలా అరిచేది. ఇద్దరిలో ఆ ఇంటి మనిషి ఎవరు? ఇంటినుంచి వెళ్ళగొట్టించింది ఎవరు?

ఇవాళ ఎందుకు రాస్తున్నానంటే, పడుకునే ముందు పాప అడిగింది. యూకేజీ చదువుతోంది.

"అమ్మా, మా క్లాసుల ఒకడు పాడతలేడు. నోరు మూసుకుంటడు. మిస్‌కు చెప్పాల్నా?"

నా నోట్లోంచి వచ్చింది సారు మాటే. "నిలబడతాడా?"

"నిలబడతడు. నా పక్కనే."

"అయితే చెప్పొద్దు."

"నువ్వైతే చెప్తుంటివా?"

కళ్ళు మూతలు పడుతున్నాయి దానికి. లేదు అంటే అయిపోయేది. ఆ ఫోటో అట్లాగే ఉండేది.

"చెప్పాను" అన్నాను.

"గుడ్ అన్నరా?"

"అన్నారు."

అది తృప్తిగా నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. దానికి ఏం నేర్పానో నాకు అర్థం కాలేదు. సగమే చెప్పాను మళ్ళీ. మిగతా సగం రేపు చెప్పాలి, అది అడిగినా అడగకపోయినా. చెబుతానా? నామీద నాకు నమ్మకం తక్కువ. అందుకే ముందు ఇక్కడ, ఆ ఆటసామాన్ల గదిలో అనవలసిన మాట అంటున్నాను. క్షమించమని కాదు. క్షమించవలసిన మనిషి మీరు కాదు, ఆమె ఎక్కడుందో నాకు తెలియదు.

నిలబడింది సార్. నా భుజం పట్టుకుని, చివరిదాకా నిలబడింది.